అమ్మమ్మ ముక్కు నిలవని బోర్డు

రంగుల దుకాణం యజమాని గారికి,

నమస్కరించి మనవి చేసుకునేది ఏమనగా, మీ దగ్గర కొన్న కాన్వాస్ బోర్డు మీద మా అమ్మమ్మ ముక్కు నిలవడం లేదు.

వచ్చే నెలాఖరుకి అమ్మమ్మకు ఎనభై నిండుతాయి. ఆ రోజుకి ఆవిడ బొమ్మ గీసి ముందు గదిలో తగిలిస్తానని ఇంటిల్లిపాదికీ మాటిచ్చాను. గిటారు, ఈత, డైరీ, పొద్దున్నే లేవడం, ఇవన్నీ మొదలుపెట్టి వదిలేసిన చరిత్ర నాది. మామయ్య నన్ను ‘సగం’ అని పిలుస్తాడు. ఇదొక్కటి పూర్తిచేస్తే ఆ బిరుదు వదులుతుందని ఆశ.

అమ్మమ్మ నడుం నొప్పితోనే నాలుగు రోజులు కుర్చీలో కదలకుండా కూర్చుంది. నేను గీశాను. ఐదో రోజు పొద్దున చూస్తే ముక్కు లేదు. వెతికితే కుర్చీ కింద దొరికింది. మధ్యాహ్నానికి ఎడమ కనుబొమ్మ కూడా వెళ్ళిపోయింది.

లోపం నా వాడకంలో ఉందనుకోకండి. మా ఇంట్లో వస్తువుని ఎంత పదిలంగా చూస్తామంటే, టీవీ రిమోటు కొని ఆరేళ్ళయినా దాని కవరు తీయలేదు. సోఫా మీద కూర్చుంటే ఇప్పటికీ చప్పుడవుతుంది. కాబట్టి తప్పు బోర్డుదే.

ఇట్లు,
విచారంలో ఉన్న చిత్రకారుడు

తా.క. ముక్కుని అగ్గిపెట్టెలో భద్రపరిచాను. సాక్ష్యం కావాలంటే పంపుతాను.

*

అయ్యా,

మీ ఉత్తరం అందింది. ఇరవై ఏళ్ళుగా బోర్డులు అమ్ముతున్నాను. ముక్కు రాలిందన్న ఫిర్యాదు ఇదే మొదటిది.

మొహాలకు సన్న నేత బోర్డు మంచిది. మీరు తీసుకున్నది అదే. రంగులో నీళ్ళు ఎక్కువ కలిపి ఉంటారు. గరుకు కాగితంతో మెల్లగా ఒకసారి రుద్ది, తెల్ల ప్రైమర్ రెండు పూతలు వేసి, ఆరాక నీళ్ళు తగ్గించి గీయండి. వేలితో తాకితే బట్ట నేత తగలాలి. అదే గుర్తు.

ఇట్లు,
దుకాణదారు

తా.క. అగ్గిపెట్టె పంపనక్కర్లేదు.

*

దుకాణదారు గారికి,

ఈసారి నమస్కారం లేదు, గమనించగలరు.

మీరు చెప్పినట్టే రుద్దాను. కీచుమన్న చప్పుడికి అమ్మమ్మ చెవులు మూసుకుంది. పక్కింటాయన వచ్చి ఎవరికేమైందని అడిగాడు. నేత నా వేలికి తగల్లేదు. బహుశా మీరు వేయించడం మరిచిపోయి ఉంటారు. రెండు పూతలు వేశాను. మళ్ళీ నాలుగు రోజులు, మళ్ళీ అదే నడుం. నిన్న బోర్డు జరపబోతే అమ్మమ్మ మొత్తం ఒక్క పొరగా ఊడి నా చేతికొచ్చింది. మిగిలింది ఒక చెవి.

మామయ్య చూసి, “ఇది సగం కూడా లేదేంట్రా,” అన్నాడు.

ఆ మాట తగిలిన చోటు నుంచి తిన్నగా నేను వెళ్ళే సాయంత్రం బొమ్మల తరగతికి వెళ్ళాను. తలుపుకి మీ దుకాణం పేరుతో నోటీసు అంటించాను: “ఇక్కడ బోర్డులు కొనకండి, మీవాళ్ళ మొహాలు పోతాయి.” పద్నాలుగు మంది చదివారు. ఇద్దరు చప్పట్లు కొట్టారు.

బోర్డుని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇంకో బోర్డూ, దాంతోపాటు క్షమాపణా పంపగలరు.

ఇట్లు,
అన్యాయమైపోయిన వినియోగదారుడు

తా.క. అమ్మమ్మ మాత్రం మీ బోర్డుని మెచ్చుకుంటోంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు, శుభ్రమైపోతోందట. కూరగాయలు తరుక్కోవడానికి ఒకటి ఇప్పించమంటోంది.

*

అయ్యా,

బోర్డు అందింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మూల దగ్గర గోటితో ఎత్తాను. పైనున్న ప్లాస్టిక్ కవరు ఊడి వచ్చింది. దాని కింద కాన్వాస్ ఉంది. తెల్లగా, కొత్తగా, ఎవరి చెయ్యీ పడకుండా ఉంది.

రెండూ తిప్పి పంపుతున్నాను. కవరు మీద అమ్మమ్మగారి చెవి పదిలంగా ఉంది.

ఇంకో బోర్డు అడిగారు. ఇదే ఆ ఇంకో బోర్డు.

ఇట్లు,
దుకాణదారు

తా.క. ఈ వారం మీ తరగతి నుంచి ఒకమ్మాయి మాత్రం వచ్చింది. బోర్డు వాపసు ఇచ్చి వెళ్ళింది. దాని మీద బొమ్మ చక్కగానే ఉంది. నోటీసు చదివి భయపడిందట.

*

బాబాయిగారికి,

అలా పిలిచే మొహం లేకపోయినా పిలుస్తున్నాను.

మీ ఉత్తరం ఒంటరిగా చదువుకుని ఉండాల్సింది. అందులో మీ క్షమాపణ ఉంటుందనుకుని, అందర్నీ ముందు గదిలో కూర్చోబెట్టి, నిలబడి, గొంతు సవరించుకుని చదివాను. “గోటితో ఎత్తాను” దాకా బాగానే చదివాను. తర్వాతి వాక్యం నోట్లోంచి రాలేదు. మామయ్య లాక్కుని పూర్తిచేశాడు. కవరున్న సోఫా మీద నలుగురు ఒక్కసారిగా నవ్వితే ఎంత చప్పుడవుతుందో మీకు తెలీదు.

అమ్మమ్మ నవ్వలేదు.

“మొదటి రోజే చూశాన్రా,” అంది.

“మరి చెప్పలేదేం అమ్మమ్మా?”

“చదువుకున్నవాడివి, కావాలనే ఉంచావనుకున్నా. అయినా మనింట్లో కవరు ఎవరు తీశారు గనక?”

ఎనిమిది రోజులు ఆ నడుంతో కూర్చుంది. నవ్వులకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు తరగతికి వెళ్ళి నోటీసు చింపేశాను. అంతటితో సరిపోదనిపించి, పద్నాలుగు మంది ముందూ నిలబడి జరిగింది చెప్పాను. అప్పుడు చప్పట్లు కొట్టిన ఇద్దరే మళ్ళీ కొట్టారు, ఈసారి ఎక్కువసేపు. కొత్త నోటీసు అంటించాను: “బోర్డు మంచిది. కవరు తీయాలి. నేను తీయలేదు.” కింద నా సంతకం. ఆ అమ్మాయి మళ్ళీ మీ దగ్గరికి వస్తానంది.

అమ్మమ్మ నడుం వెనక దిండు పెట్టుకుని మూడోసారి కూర్చుంది. ముక్కు నిలిచింది. బొమ్మ అనుకున్న రోజుకి గోడ ఎక్కింది. మామయ్య చాలాసేపు చూసి, “పర్లేదురా ముప్పావు,” అన్నాడు.

తలెత్తలేక, వంచుకునే సంతకం చేస్తూ,
ముప్పావు

తా.క. ఈ పొద్దున బొమ్మ మసగ్గా కనిపించింది. పరుగున దగ్గరికెళ్ళాను. దుమ్ము పడకుండా అమ్మమ్మ దానికి కవరు వేసింది.

*

ముప్పావుకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వుకుంటూ వీధిలోకి వచ్చాను. తలెత్తితే నా దుకాణం పేరు బోర్డు కనిపించింది. పచ్చబడి, బుడగలు కట్టి, అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంది. తొమ్మిదేళ్ళ కింద చేయించాను. నెల తిరక్కుండా మసకబారింది. నాసిరకం అంటగట్టావని, దాన్ని చేసినాయన్ని వీధిలో పదిమంది ముందు నిలబెట్టి కడిగేశాను. “ఒక్కసారి నిచ్చెనెక్కి చూడండి సార్,” అన్నాడాయన. నేను ఎక్కలేదు. అప్పట్నుంచి ఆయన ఎదురొస్తే మొహం తిప్పుకుని పోతున్నాను.

ఇవాళ ఎక్కాను. మూల దగ్గర గోటితో ఎత్తాను.

తర్వాతి వాక్యం నా నోట్లోంచీ రావడం లేదు.

ఆయనకి ఉత్తరం రాయాలి. పొద్దుట్నుంచి నాలుగు కాగితాలు చింపాను. ఇలాంటి వాటిలో నీ చెయ్యి తిరిగింది కదా, ఒకటి రాసిపెట్టు. పోస్టులో వేయకు. నువ్వే పట్టుకురా, ఇద్దరం కలిసి వెళ్ళి ఇద్దాం.

ఇట్లు,
నువ్వు వదిలేసిన బిరుదుకి తగినవాడు,
సగం

తా.క. ఆయన ముందు ఎలా నిలబడాలో దారిలో చెబుదువుగాని. నీకు పద్నాలుగు మంది ముందు నిలబడ్డ అనుభవం ఉంది.