రెండు పేర్ల ఇల్లు

1 జనవరి 1990, సోమవారం

కొత్త డైరీ. మొదటి పేజీలో ఏటా రాసేదే — ఈ ఏడు చేయవలసినవి. నిరుడు ఐదు రాశాను, రెండు జరిగాయి. సగం జరిగినవి లెక్కలోకి రావు.

ఈసారి ఒక్కటే. నా కొడుకు తన పేరుతో బతకాలి.

పంతొమ్మిదేళ్లుగా బొగ్గుబాయిలో వాడు కొమురయ్య. హాజరు మస్టర్‌లో, జీతం చీటీలో, దవాఖాన పుస్తకంలో కొమురయ్య. ఇంట్లో, రేషన్ కార్డులో, మనవరాలు సుజాత బడి రిజిస్టర్‌లో రాజేశం. ఈ డిసెంబరులోగా కంపెనీ కాగితాల్లో రాజేశం అని పడాలి. కింద స్కేలుతో గీత గీశాను.

3 జనవరి

చెప్పాను. మొదటి షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నవ్వుతాడు!

"నీకు కొత్త డైరీ అచ్చినప్పుడల్లా నాకు గండమే అవ్వా."

నవ్వే మాట కాదన్నాను.

"నా పేరు గది కాదని నేనే పోయి చెప్పాల్నా? దొంగపేరుతోని చేరినవని ఇంటికి తోలుతరు. అప్పుడు రాజేశం అని పిలుసుకుంట కూసో."

అక్కడితో ఆగలేదు. సుజాత పదో తరగతి మెమోలో తండ్రి పేరు కొమురయ్య అని మార్పించాలట. తప్పులుంటే ఈ నెల ముప్పయ్యొకటి లోపల తండ్రి వచ్చి రాసి సంతకం పెట్టాలన్నారు బడిలో, ఆ తర్వాత అచ్చుకు పోతుంది. ఒకసారి మెమోలో పడిందంటే జన్మంతా అదే. నేను వీడి పేరు దిద్దాలంటుంటే, వీడు పిల్ల పేరు పక్కన కూడా అబద్ధం రాయిస్తాడట.

"కంపెనీల అది కొమురయ్య బిడ్డ. మెమోల రాజేశం బిడ్డయితే, రేపు బాయిల నాకేమన్న అయితే దాన్ని ఎవరి బిడ్డంటరు?"

నోరు మూయమన్నాను. అశుభం పలకొద్దన్నాను.

6 జనవరి

మాటల్లేవు. కోడలు ఇద్దరికీ వేరువేరుగా వడ్డిస్తోంది. పొద్దున వాడు టిఫిన్ డబ్బా మరిచిపోయాడు. చూశాను. పిలవలేదు.

9 జనవరి

గేటు దగ్గర సత్తయ్య కేక — వీడితో పాటే డ్యూటీకి పోతాడు.

"కొమురన్నా! ఓ కొమురన్నా!"

ఆ పేరు గలవాళ్లు ఈ ఇంట్లో లేరన్నాను.

"గట్లంటవేంది టీచరమ్మా! మన క్వార్టర్ల లైన్ల ఇంకో ముగ్గురికి ఇంటికాడో పేరు, బాయికాడో పేరు. మా బావకైతే ఏ పేరుతోని పిలిస్తే పలకాల్నో ఆయనకే యాదికుండది."

లోపల రాజేశం నవ్వడం వినిపించింది. కోడలు కూడా. తలుపు దడాలున వేశాను. పాత తలుపు... మడతబందు ఒకటి ఊడింది.

12 జనవరి

సుజాతను అడిగాను, నీకేది కావాలని. లెక్క చేస్తోంది, తలెత్తలేదు.

"ఏదో ఒకటి జల్ది తెంపుండ్రి నాయినమ్మా. పరీక్షల నన్నడిగేది త్రిభుజాలు. బాపు పేరు కాదు."

కొట్టబోయి ఆగాను. నా నాలుకే వచ్చింది దానికి.

15 జనవరి

ఉన్నదున్నట్టు రాయాలి. కోపం చల్లారడం లేదు కాబట్టి రాయాలి.

1970. కమాన్‌పూర్ బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పక్కింటి పోశవ్వ కొడుకు కొమురయ్యకు కంపెనీ నుంచి పిలుపు కాగితం వచ్చింది. అతను చెప్పాపెట్టకుండా భివండీ మిల్లుకు పోయి రెండు నెలలైంది. చదివిపెట్టమని పోశవ్వ నా దగ్గరికి తెచ్చింది. చదివాను. మావోడు లేకపాయె, మీ పిలగాడు ఖాళీగనే ఉండె గద పంతులమ్మా, తోలుండ్రి — అంది.

మర్నాడే రాజేశాన్ని కూర్చోబెట్టి కొమురయ్య అని యాభైసార్లు సంతకం చేయించాను. వంకర పోయినచోటల్లా స్కేలుతో వేళ్ల మీద. ఇరవై ఏళ్లవాణ్ణి. అబద్ధమాడిన పిల్లలకు గోడకుర్చీ వేయించేదాన్ని నేను.

20 జనవరి

పొద్దుటి బస్సుకు కమాన్‌పూర్. తన కొడుకు వేరు, నా కొడుకు వేరు అని పోశవ్వ ఒక ముక్క చెబితే, నేను రాసి, వేలిముద్ర వేయించుకోవాలని. సంచిలో స్టాంపు ప్యాడ్.

పోశవ్వ కందులు ఏరుతోంది. కొమురయ్య పోయి ఎనిమిదేళ్లు — భివండీలోనే, జ్వరం. శవాన్ని కూడా చూడలేదు ఈమె.

చెప్పిందంతా విన్నది.

"అంటే మావోని పేరు కొట్టేస్తరా?"

కొట్టేయడం కాదు, దిద్దడం అన్నాను.

"ఆడ బాయికాడ రోజు పిలుస్తరట గద కొమురయ్యా అని. మీ వోడు పలుకుతడట. ఈ ఊళ్లె ఆ పేరు ఎవరు తీస్తరు పంతులమ్మా? గది గూడ తీసేస్తరా?"

కందులు చేటలో వేసి మళ్లీ కుప్ప పోసింది.

"ముద్ర ఏయమంటే ఏస్త. అప్పుడు గూడ మీరు చెప్పిందే ఇన్న. కాగితం ఇయ్య, మావోడు అచ్చినంక పోతడు అంటే, ఆగదు పోశవ్వా, కాగితం మురిగిపోతది అంటిరి గద."

నేను అనలేదన్నాను. గట్టిగానే అన్నాను. ముసలిదానికి మతి తప్పిందని కూడా అన్నాను, ఆమె ఎదుటే. ఆమె కోప్పడలేదు. చాయ్ పెట్టించింది. తాగలేదు. ప్యాడ్ సంచిలోంచి తీయలేదు.

బస్సులో నిలబడే వచ్చాను.

21 జనవరి

పాత పెట్టె దింపించి 1970 డైరీ తీశాను. ఉంది.

'పోశవ్వ మొదట ఒప్పుకోలేదు. నచ్చజెప్పాను. రాజేశానికి దారి దొరికింది.'

నా దస్తూరి. కింద గీత కూడా, స్కేలుతో.

22 జనవరి

ఇన్నేళ్లూ డైరీ రాసి ఏం లాభం.

27 జనవరి

"కమాన్‌పూర్ పోయినవట. పోశవ్వ ఏమన్నది?" — మూడు వారాల తర్వాత వాడే మాట కలిపాడు.

ముద్ర వేస్తానంది అన్నాను. అంతే చెప్పాను. ఎవరి మీద అరవాలో తెలియనప్పుడు అరుపు ఎటు పోతుంది?

30 జనవరి

మంచం కింద పాత పేపరు. అంచు పొడవునా వాడి రాత. రాజేశం, రాజేశం, రాజేశం — నేర్చుకుంటున్న పిల్లవాడి రాతలా, ఒక్కోటి ఒక్కో తీరు. చివర ఒకే ఒక్క కొమురయ్య. ముత్యంలా ఉంది.

రేపు బడిలో ఏ సంతకం పెట్టబోతున్నాడో దాన్నిబట్టి తేలలేదు. స్కేలు తీసి సుజాత పుస్తకాల సంచిలో పడేశాను.

31 జనవరి

ఉతికిన చొక్కా వేసుకున్నాడు, జేబులో పెన్ను. ఏ పేరు రాస్తావని అడగలేదు. అడిగితే చెప్పేవాడే. చెబితే నేను ఊరుకునేదాన్ని కాదు.

గడప దాటుతూ "పోయొస్త అవ్వా" అన్నాడు. పోయిరా నాయనా అనబోయాను, పేరు పెట్టి. నోట్లో రెండు పేర్లూ అడ్డుపడ్డాయి. తలుపు మడతబందు బాగుచేయమని అరిచాను.

కాసేపటికి గేటు దగ్గర సత్తయ్య — "కొమురన్నా!"

ఉన్నాడు, బడికి పోయాడు, వస్తాడు అన్నాను.

పది గంటలకు బయల్దేరాడు. బడి పది నిమిషాల నడక.

పదకొండున్నర. ఇంకా రాలేదు.