కాకికి చదివిన స్పానిష్ పాఠం

బాపూ,

పోయి ఏడాదైనా నీ మొండితనం పోలేదు. నిన్న నీ సంవత్సరీకం. గోడ మీది కాకి పిండం ముట్టలేదు. నీకేదో కోరిక మిగిలిందని, అమ్మను మేడారం తీసుకుపోతానని పెద్దబాపు మాటిచ్చాడు. తమ్ముడు బీడీలు మానేస్తానన్నాడు. కాకి కదల్లేదు.

"పిల్లను ఆ స్పానిష్ సదువుమనుండ్రి. గది ఇనుకుంటనే గదా ఆయన మగ్గం నేసేది," అంది అమ్మ.

నా యూనివర్సిటీ పుస్తకం తెరిచి గట్టిగా చదివాను. అందరూ చేతులు జోడించారు. పాఠం సగంలోనే కాకి దిగింది!

"ఏం మంత్రం బిడ్డా అది?" అన్నాడు పెద్దబాపు.

పుస్తకం మూసేశాను. నీకొక్కడికే చెబుతున్నా. కొత్త ఊరు చేరిన మనిషి హోటల్లో గది అడిగే పాఠం అది. గాలి వచ్చే గదే కావాలంటాడు. మన మగ్గం గదికి కిటికీ లేదు కదా.

నీకు దొరికిందా, బాపూ?