మందుగిన్నె బుద్ధుడి ఛాతీ

తమ్ముడూ, నాకేం ఢోకా లేదు, నా గొడవ వదిలెయ్. నాన్న దగ్గులో రక్తం పడిందన్న నీ ఉత్తరం మ్యూజియంలోనే చదివాను. నేను రోజూ దుమ్ము దులిపే కంచు బుద్ధుడి చేతిలో మందుగిన్నె ఉంటుంది. మనకు ఎక్కడ నొప్పో ఆయన్ని అక్కడ తాకితే తగ్గుతుందని జనం నమ్మకం. చేతి చెమట కంచును తినేస్తుందని, తాకబోయిన వాళ్లందరినీ కసిరేదాన్ని నేనే. ఇవాళ గ్లవ్స్ తీసి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టాను. మా సూపర్‌వైజరు చూశారు. "నువ్వు కూడానా అమ్మా? ఆ మరక తుడిచెయ్" అన్నారు. తుడిచేశాను.

ఎక్స్‌రేలో ఏమొచ్చింది? నాన్న మాత్రలు దిండు కింద దాచేస్తాడు, మింగేదాకా పక్కనే నిలబడు. మరదలికీ పిల్లలకీ నా దీవెనలు. చెయ్యి పెట్టానని నాన్నకు చెప్పు. తుడిచిన సంగతి చెప్పకు.

అక్క