ముళ్లచేప లైటు

అప్పా,

ఇది నీకు అందదని తెలిసే రాస్తుండాను. నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. గని మూసినాక రామేశ్వరం పోయి నువ్వు తెచ్చిన ముళ్లచేప లైటు మన కోరమండల్ గని కాలనీ ఇంట్లోనే ఉండింది. ఎండబెట్టిన చేప కడుపులో బల్బు పెట్టిన ఆ లైటును అమ్మ ఎవుర్నీ తాకనీలేదు.

పొద్దున నా కూతురు అది నిజం చేపని తెలిసి ఏడ్చింది. "పాపం, పూడ్చిపెడదాం అవ్వా" అనింది. నేను "ఊరుకోవే" అని గదిరినాను. అమ్మ మాత్రం బల్బు విప్పి, చేపను నీ తువ్వాలలో చుట్టింది.

పెరట్లో ముగ్గురమూ పూడ్చినాము. పాపే ప్రార్థన చేసింది. అప్పుడు అమ్మ, "మీ తాత ఒక్క ముల్లూ విరగకుండా దీన్ని రైల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చినాడు. దిగేసరికి కొత్త పంచె నిండా చిల్లులే" అని పాపకి చెప్పి నవ్వింది.

నువ్వు పోయినాక అమ్మ నీ మాటెత్తి నవ్వింది ఇదే మొదలప్పా.