ఆగిన చోట

ఆదివారం, జాబ్రియా.

కువైత్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లకు ఇవాళ శిక్షణ మొదలైంది. ఒక్కొక్కరం పది నిమిషాలు పాఠం చెప్పాలి, మిగతావాళ్ళు విద్యార్థుల్లా కూర్చోవాలి. నేను న్యూటన్ మూడో సూత్రం తీసుకున్నాను. "ఎవ్రీ యాక్షన్ హ్యాజ్ యాన్ ఈక్వల్ అండ్ ఆపోజిట్..." అని సాగదీసి ఆగాను.

పదకొండేళ్ళ అలవాటు. కడప మహిళా కాలేజీలో నేను ఒక్క వాక్యమూ పూర్తి చేసిన పాపాన పోలేదు. సగం నాది, మిగతా సగం ఆడపిల్లలది. వెనక బెంచీలో కునికేవాళ్ళు కూడా ఉలిక్కిపడి అందుకునేవాళ్ళు.

ఇక్కడ ఎవరూ అందుకోలేదు. ముందు వరుసలో ఈజిప్టు మాస్టారు పెన్ను పట్టుకుని మర్యాదగా చూస్తున్నాడు. ఏసీ చప్పుడు వినిపించింది. చివరికి ఆ మాట నేనే చెప్పుకున్నాను.

శిక్షణ ఇచ్చే మేడమ్ మెచ్చుకుంది. విద్యార్థులకు ఆలోచించే వ్యవధి ఎలా ఇవ్వాలో అందరూ నన్ను చూసి నేర్చుకోవాలట. థాంక్స్ చెప్పి కూర్చున్నాను. ఏమని వివరించను?

ఇంటికొచ్చి ఆయనకు చెబుతూ మళ్ళీ అక్కడే ఆగాను. బీన్స్ తరుగుతున్న మనిషి తలెత్తకుండానే "రియాక్షన్" అన్నారు. "అది గూడా తెలీదా వాళ్లకి?"

"అందరికీ తెలుసు."

"మరెందుకు చెప్పల్యా?"

రియాక్షన్ అన్న మాట ఇంకోసారి అనమని అడగాలనిపించింది, అడగలేదు.

రేపు అసలు పిల్లలతో మొదటి క్లాసు. ఎక్కడా ఆగకూడదని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను. ఆగుతానని తెలుసు.