వెనక నడిచి వస్తున్నాడన్నాను

బోనకల్,
22-4-86

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే, నాయన మిగిల్చి పోయిన మొక్కు సైకిల్ మీద వెళ్లి తీర్చాను. ఆయన ఏటా ఆరు రోజులు నడిచే భద్రాచలానికి నేను రెండు రోజుల్లో చేరాను. కాళ్లకు ఒక్క బొబ్బ లేదు. దారిలో ఒక్క మనిషితో మాట కలిసిందీ లేదు.

పాల్వంచ దాటాక మాత్రం టైరు పంక్చరై, తండాలో మంచినీళ్లకు ఆగాను. సక్రి అనే ముసలామె క్యారియర్ మీది సంచి గుర్తుపట్టింది.

"గీ సంచి బోనకల్ పెద్దాయనది గదా బిడ్డా? ఆయనేడి? ఏటా మా అరుగు మీదనే పండుకుంటడు. నిన్నటి సంది రొట్టెలు చేసి చూస్తున్న."

కార్తీకంలోనే పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. "వెనక నడిచి వస్తున్నడు" అన్నాను. సైకిల్ మీదివాడు ముందొస్తాడు, నడిచేవాడు వెనకొస్తాడు, ఆమె నమ్మింది.

తిరుగుదారిలో ఆ తండా ముందు తల దించుకుని తొక్కాను. అరుగు మీద చాప పరిచే ఉంది.

అలాంటి అరుగులు ఇంకెన్ని ఉన్నాయో మనకు తెలియదు. సెలవు పెట్టి రా. ఇంటింటా చెప్పుకుంటూ ఇద్దరం నడిచి పోదాం. సైకిల్ మీదయితే నేను మళ్లీ ఆగకుండా వచ్చేస్తాను.

నీ తమ్ముడు