నేను గీసిన బాణం

సముద్రం మీద ఇప్పుడు ఏ నీళ్లలో ఉన్నారో పైవాడికే తెలిసిన మా వారికి, మీ భార్య నమస్కరించి రాయునది.

ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. అక్కడ మీరూ, కన్నబిడ్డలా సాకుతున్న మీ ఇంజనూ క్షేమమని నమ్ముతున్నాను. రేవు ఆఫీసు నుంచి మీ ఉత్తరం అందింది. నేను చదువుకున్నాక అత్తయ్యకు వినిపించాను. అంతా విని, "వాడు తిన్నాడో లేదో రాయలేదు" అన్నారు. ఈసారి మొదటి వాక్యం అదే రాయండి, నాకు పోరు తప్పుతుంది.

అడిగినవాటికి జవాబులు. అత్తయ్య కళ్లజోడు మార్పించాను. ఇప్పుడు నేను కూరలో ఎంత నూనె పోస్తున్నానో కూడా కనిపిస్తోందట, అందుకని వంటింట్లో కుర్చీ వేసుకున్నారు. వంటింటి గోడకి చెమ్మ తగ్గింది, సున్నం ఇంకా వేయించలేదు. ఇక ఫోను ఎందుకు ఎత్తడం లేదు, ఎత్తినా రెండు ముక్కలు మాట్లాడి ఎందుకు పెట్టేస్తున్నావు అని అడిగారు. లైను బాగుండటం లేదని మెసేజీ పెట్టాను కదా. ఆ సంగతికి కింద వస్తాను, తొందరపడకండి.

"నీ పనేంటో ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు, గీతలు గీస్తే జీతమిస్తారా?" అని వేళాకోళం చేశారు. చేయండి. పాత ప్లానింగ్ ఆయన పని మధ్యలో వదిలేసి పోతే, టైపు కొట్టుకునే నన్ను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. వీడియోలు చూసి, తప్పులు చేసి, మోకాళ్లూని ప్రార్థించి ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఆదివారాలు బోధించే బైబిలు వాక్యం నేర్చుకున్నదీ అలాగే కదా, ఏ పంతులు నేర్పాడు నాకు?

ఊరికి నీళ్లిచ్చే ప్లాంటు కడుతున్నాం. దాని పనులన్నీ కంప్యూటర్లో ఒక చార్టు మీద అడ్డపట్టీలుగా గీస్తాను. పునాది తవ్వడం ఒక పట్టీ, ఇనుప కంబి కట్టడం ఒక పట్టీ, కాంక్రీటు పోయడం ఒక పట్టీ. ఎంత కాలం పడితే పట్టీ అంత పొడుగు. ఈ పట్టీ చివర నుంచి ఆ పట్టీ మొదటికి బాణం గీస్తే, ఇది అయితేనే అది అని అర్థం. కంబి కట్టకుండా కాంక్రీటు పోయరు కదా. ఒకటి ఆలస్యమైతే బాణాలతో కట్టినవన్నీ, ఒకే తాడుకు కట్టిన పడవల్లా, దాని వెంట పోతాయి. కొన్ని పట్టీలకు వెసులుబాటు ఉంటుంది, కాస్త అటూ ఇటూ అయినా కొంపలు మునగవు. వెసులుబాటు లేనివాటిని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. ఆ ఎరుపులో ఒక్క రోజు జారిందంటే ప్లాంటు తెరిచే తేదీ కూడా ఒక్క రోజు జారినట్టే.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైన పట్టీ ఒకటుంది. ట్యాంకు కట్టాక నిండా నీళ్లు పోసి వదిలేస్తాం. ఎక్కడైనా కారుతోందా, మట్టం దిగుతోందా అని చూడటానికి. ఎవరూ ఏమీ చేయరు. అయినా దానికీ ఒక పట్టీ, పొడుగ్గా, నీలంగా. పని పేరు "నీళ్లు నింపి ఊరుకోవడం" అని పెట్టాను. సాయంత్రాలు ఆ ట్యాంకు గట్టు మీద నడుస్తాను. లోపల ఆకాశం వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఒక మబ్బు ఈ గోడ దగ్గర పుట్టి, ఎవరినీ అడగకుండా నడిచి, ఆ గోడ దగ్గర అయిపోతుంది. దానికి ముందూ బాణం లేదు, వెనకా బాణం లేదు.

ఆఫీసు గదిలో చార్టు అచ్చువేసి అంటిస్తే మూడు గోడలు చుట్టింది. మధ్యాహ్నం ఫ్యాను గాలికి ఆ కాగితం ఊగుతుంటే పట్టీలన్నీ అలల మీద లేచి పడుతుంటాయి. కళ్లు సగం మూసి చూశానంటే అది చార్టు కాదు, రేవు. ఏడాదంతా అక్కడ లంగరేసుకుని ఉంటుంది. ఆ పడవల్లో మీ ఓడ ఏదో వెతుక్కుంటూ, ఒక నెలలోంచి ఇంకో నెలలోకి అడుగు తడవకుండా నడుస్తూ, కునుకులోకి జారిపోతాను. క్రేను నడిపే ఆవిడ, సైటులో అందరికీ వదినే, వచ్చి బల్ల మీద గట్టిగా కొడుతుంది.

"అమ్మా ప్రవక్తమ్మా, దర్శనాలు అయ్యాయా? నా క్రేను ఏ ట్యాంకు దగ్గరికి పోవాలో కూడా పైనుంచి చెప్పించు, తరిస్తాను."

నెల కిందట ఒక ఆదివారం టైర్ల కొట్టు మీది మన ప్రార్థన హాల్లో ఈ పట్టీల మీదే నిప్పులు కురిపించాను. "లోకంలో మొట్టమొదటి ప్లానింగ్ దేవుడిది! వెలుగుకి ఒక రోజు, ఆకాశానికి ఒక రోజు, నేలకి ఒక రోజు! కానీ కళ్లు తెరిచి చదవండి, మొక్కలు ముందు మొలిచాయి, సూర్యుడు ఆ మర్నాడు వచ్చాడు! మా సాఫ్ట్‌వేర్‌కి ఇలా ఇస్తే ఎర్రగా అరుస్తుంది. ఎండ లేని ఆ ఒక్క రోజు ఆకు దేని మీద బతికింది? మాట మీద బతికింది! వస్తానన్నవాడు వస్తాడని బతికింది!" కిటికీ అద్దాలు అదిరాయి. కింద నుంచి టైర్ల ఆయన పైకొచ్చి, "అక్కా, బోధ బ్రహ్మాండం. కానీ గాలి కొట్టే మిషను చప్పుడేదో నీ చప్పుడేదో తెలియక నా కస్టమర్లు తికమక పడుతున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేను గట్టిగా మాట్లాడిన ఆఖరి ఆదివారం అదే.

ఇదిగో, ఫోను సంగతికి వచ్చాను. మర్నాడు పొద్దున నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. సాయంత్రానికి వచ్చింది గానీ, వదిన అన్నట్టు, ఇసక మీద చీపురు లాగినట్టుంది. అప్పటి నుంచీ అంతే. ఫోన్లో రెండు ముక్కలైతే దాచుకోగలను, మూడో ముక్కకి మీరు పట్టేస్తారు. ఇంజను చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పే మనిషి పెళ్లాం గొంతులో తేడా పట్టలేడా? అందుకే లైను మీదికి నెట్టాను.

గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాను. సన్నటి గొట్టం దింపి చూసి, ఒక బుడిపె ఉందన్నాడు. తీసి పరీక్షకి పంపితే గానీ అదేమిటో చెప్పలేనన్నాడు. "ఆలస్యం చేయకండమ్మా."

"గొంతు మళ్లీ వస్తుందా?"

"రావచ్చు. మారి రావచ్చు. రాకపోనూవచ్చు. తీసిన తర్వాత కొన్నాళ్లు గుసగుస కూడా ఆడకూడదు."

సరే అని తలూపి ఆఫీసుకి వచ్చి ఏం చేశానో తెలుసా? నా సొంత పనులు కూడా ఆ చార్టులోనే, అన్నిటికంటే అడుగున, ఎవరికీ కనిపించకుండా మడిచి పెట్టుకోవడం నాకు అలవాటు. అత్తయ్య కళ్లజోడు, వంటింటి సున్నం, ఇలాంటివి. ప్లాంటు ఫైల్లో ఇవి ఉండకూడదు. కానీ రోజంతా చూసే కాగితంలో మన ఇల్లు కూడా ఒక మూల ఉంటే నాకదో ఊరట. "మా వారి రాక" అని, ముఖ్యమైన తేదీలకు పెట్టే వజ్రం గుర్తు ఒకటి ఎప్పటి నుంచో ఉంది. దాని పక్కన "గొంతు ఆపరేషన్" అని ఒక పట్టీ పెట్టి, వజ్రం నుంచి పట్టీకి ఒక బాణం గీశాను. మీరు వచ్చాకే అది. ఇంకా వెసులుబాటు ఉందిలే అనుకున్నాను.

తర్వాత మీ ఉత్తరం వచ్చింది. చివర్న, చిన్న అక్షరాలతో, ఇంకో ప్రయాణానికి సంతకం పెట్టమంటున్నారు, పెట్టమంటావా అని అడిగారు. మీరు అడిగారంటే సగం ఒప్పేసుకున్నట్టే. మీ వజ్రాన్ని పట్టుకుని ఆ ప్రయాణం అవతలికి లాగి పెట్టాను. పెట్టి, టీ తాగుతూ కూర్చున్నాను. ఆ టీ ఎప్పుడు చల్లారిందో తెలియలేదు.

నిన్న వారం మీటింగు. ప్రొజెక్టరులోంచి చార్టు గోడ మీద పడింది. మేనేజరుగారు చూసి కుర్చీలోంచి లేచారు. ప్లాంటు పూర్తయ్యే తేదీ నాలుగు నెలలు అవతలికి పోయి కూర్చుంది!

"ఏమిటిది? ఎవరు ఆలస్యం? బాబాయ్, నీ కాంక్రీటా?"

సిమెంటు బాబాయి, ఆ పెద్ద మేస్త్రి, భగ్గుమన్నాడు. "నా కాంక్రీటు మీద పడతారేం సార్? ఆ ఎర్రగీత పట్టుకుని పొండి, ఎవరింటికి పోతుందో."

మేనేజరుగారు వేలు పెట్టి ఎర్రగీత వెంట పోయారు. కంబి కాదు, కాంక్రీటు కాదు, పంపులు కాదు. కిందికి, ఇంకా కిందికి. మడిచిన మూల విప్పారు.

"మా వారి రాక," చదివారు ఆయన. "అమ్మా, ఊరి నీళ్లు మీ ఆయన ఓడ కోసం ఆగాయా?"

గది గొల్లుమంది. వదినైతే బల్ల మీద వాలిపోయింది. "సార్, నేను క్రేనుతో వెళ్లి ఆయన్ని ఎత్తుకొస్తా, తేదీ తగ్గించండి!" ఆఖర్న ఉన్న పని తేదీనే సాఫ్ట్‌వేర్ ప్లాంటు తేదీ అనుకుంటుంది. నా ఫైల్లో ఆఖరి పని "గొంతు ఆపరేషన్" అని అప్పుడు ఆయన చదివారు. నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

బాబాయి నా దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. "ఏమ్మాయ్, ఈ బాణం డాక్టరు గీశాడా?"

"లేదు బాబాయ్."

"మీ ఆయన గీశాడా?"

"ఆయనకసలు తెలీదు."

"పోనీ దేవుడు?"

ఆదివారాలు అంతమందిని నిలదీసి అడిగే నేను గోడ మీది ఆ బాణం వైపు తిరిగాను.

"మరెందుకు గీశావమ్మా?" అన్నాడు.

ఆయనకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నా బోధ మీరు ఒక్కటీ పూర్తిగా వినలేదు. ఇంట్లో ఉన్న ఆ కొద్ది ఆదివారాలూ ఆఖరి బెంచీలో నిద్రపోయారు, అలిసిపోయి వచ్చిన మనిషి కదా అని లేపలేదు. ఈ గొంతు పోయేలోపు ఒక్కసారి, మీరు మెలకువగా ఉండగా, మొదటి నుంచి చివరిదాకా మీకు వినిపించాలనుకున్నాను. ఒట్టి ఆశ. దాని అడుగున ఇంకొకటి ఉంది, అది మరీ సిగ్గు. గొంతు లేకపోతే నేను ఎవరిని? టైపు కొట్టుకునే మనిషిని నలుగురూ తలెత్తి చూసింది ఈ గొంతు వల్లే కదా. వాక్యం దేవుడిది, ఊపిరి ఆయనది అని అరిచి చెబుతూనే, గొంతు మాత్రం నాది అని గుప్పిట్లో దాచుకున్నాను. సూర్యుడు లేకుండా ఆకు బతికిందని చెప్పిన నోటితోనే, మీరు లేకుండా నేను కత్తి కిందికి వెళ్లలేనన్నాను.

అందరూ చూస్తుండగా ఆ బాణం మీద నొక్కి తీసేశాను. పట్టీ ఒక్క ఊపులో వెనక్కి ఎగిరొచ్చింది. మధ్యలో ఉన్న నెలలన్నీ దాటుకుని, ఎక్కడా ఆగకుండా వచ్చి, ఈ రోజుని చూపించే గీతకి ఆనుకుని నిలబడింది. పట్టుకునేది ఏదీ లేకపోతే పని ఎక్కడికి వస్తుందో అక్కడికే వచ్చింది. మేనేజరుగారు లైటు వేసి, "గురువారం నుంచి సెలవు రాసుకోండమ్మా" అన్నారు.

ఆపరేషన్ గురువారం. వదిన నాతో ఉంటానంది. అత్తయ్యకు చెప్పాను. "నువ్వు నోరు మూసుకుని ఉంటావంటే ఎవరు నమ్ముతారే" అని నవ్వి, తర్వాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఈ పొద్దున వాక్యం తెరిస్తే, గుడిలో ధూపం వేస్తూ, ముసలితనంలో కొడుకు పుడతాడన్న దూత మాట నమ్మక మూగబోయిన ఆ ముసలి యాజకుడు ఎదురయ్యాడు. ఆయన మీద ఎన్నిసార్లు మండిపడ్డానో! నమ్మకపోతే ఇదే గతి అని. ఇవాళ ఆయన మీద కోపం రాలేదు. ఆ నెలలన్నీ ఆ ఇంట్లో ఎంత నెమ్మదిగా ఉండి ఉంటుందో అనిపించింది. కడుపుతో ఉన్న ఆ ముసలావిడ చెప్పే కబుర్లు, కాపురం చేసిన అన్నేళ్లలో మొదటిసారి, అడ్డం రాకుండా వింటూ కూర్చుని ఉంటాడు. అది శిక్షే కావచ్చు. అందులో చల్లటి నీడ కూడా ఉందని ఏ ఆదివారమూ నాకు తట్టలేదు.

సంతకం సంగతి. మీ వజ్రాన్ని నా పట్టీకి కట్టిన తాడు ఇప్పుడు లేదు. నా ఆపరేషన్ మీ కోసం ఆగదు, మీ ఓడ నా కోసం ఆగక్కర్లేదు. మందులకి వదిన ఉంది, ఇంటికి అత్తయ్య ఉన్నారు. బుడిపె ఏమిటో రేవు ఆఫీసుకి కబురు పంపిస్తాను, మంచైనా చెడైనా దాచను. మీరు వచ్చేసరికి నాకు వేరే గొంతు ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. కాబట్టి మీరు వచ్చి చేయాల్సిన పని ఇక్కడ ఏదీ మిగల్లేదు. రావద్దని రాద్దామనే కలం పట్టాను, చెయ్యి రాలేదు.

పనేమీ లేదు. ఊరికే రండి.

ఇట్లు,
మీ మాట కోసం చూసే
మీ ఇల్లాలు